ప్లేట్‌లెట్ల ఉపరితల ప్రొటీన్లను ఫ్లో సైటోమెట్రీలో చూడటం ఎలా: యాంటీబాడీ ఎంపిక నుంచి ఫలితం సరిచూసుకోవడం దాకా

ఫ్లో సైటోమెట్రీ అంటే రంగు కలిపిన యాంటీబాడీలు అంటించిన కణాలను ఒక్కొక్కటిగా లేజర్ ముందు నుంచి పంపి, వాటి వెలుగును కొలిచే పద్ధతి. సీడీ అంకెలు కణం ఉపరితల ప్రొటీన్లకు పెట్టిన పేర్లు. హెమటాలజీ ల్యాబుల్లో పనిచేసే టెక్నాలజిస్టులు, పాథాలజీ పీజీ విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది: "సీడీ41 యాంటీబాడీ తెప్పించాం, మెషిన్ ఉంది, స్టెయిన్ కూడా చేశాం. కానీ వచ్చిన ఫలితాన్ని నమ్మాలో వద్దో తెలియడం లేదు." తెల్లకణాల ఇమ్యునోఫినోటైపింగ్‌లో (ప్రొటీన్లను బట్టి కణాలను గుర్తించడంలో) చేయి తిరిగినవారు కూడా ప్లేట్‌లెట్ల దగ్గరికి వచ్చేసరికి తడబడతారు. ప్లేట్‌లెట్ 2 నుంచి 3 మైక్రాన్ల కణం. సూది గుచ్చిన క్షణం నుంచి ఉత్తేజితం కావడానికి సిద్ధంగా ఉంటుంది. పైగా దాని చుట్టూ ఇరవై రెట్ల ఎర్రకణాలు ఉంటాయి. అందుకే తెల్లకణాల పద్ధతిని యథాతథంగా ఇక్కడికి తీసుకురావడం కుదరదు.

ఈ పరీక్ష ఎక్కువగా అవసరపడేది పుట్టుకతో వచ్చే రెండు రక్తస్రావ వ్యాధుల్లో. స్విట్జర్లాండ్ పిల్లల వైద్యుడు గ్లాంజ్‌మన్ 1918లో వర్ణించిన థ్రాంబాస్థీనియాలో సీడీ41, సీడీ61 జంట తగ్గిపోతుంది లేదా పూర్తిగా ఉండదు. ఫ్రాన్స్‌లో బెర్నార్డ్, సూలియే 1948లో వర్ణించిన వ్యాధిలో సీడీ42 కుటుంబం తగ్గిపోతుంది, ప్లేట్‌లెట్లు బాగా పెద్దవిగా ఉంటాయి. ఇవి సాధారణంగా తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు అందినప్పుడు బయటపడే వ్యాధులు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు చేసుకునే కుటుంబాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పటికీ ఉన్నాయి కనుక, చిన్నప్పటి నుంచి ముక్కు వెంట రక్తం కారే బిడ్డను ఈ రెండు రాష్ట్రాల ల్యాబులు ఎప్పుడో ఒకప్పుడు చూడక తప్పదు. ఆ బిడ్డకు మీరిచ్చే రిపోర్టు జీవితాంతం వెంట ఉంటుంది. కనుక "ప్రొటీన్ లేదు" అని రాసే ముందు, అది నిజంగా లేకపోవడమా, లేక మన పద్ధతిలోని లోపమా అన్నది తేల్చుకోగలగాలి. కింద రాసిన ప్రతి మెట్టూ ఆ ఒక్క పని కోసమే.

ఏ గుర్తు ఏం చెబుతుంది

సీడీ41, సీడీ61 జంటగా ఉండి ఫైబ్రినోజెన్‌ను పట్టుకుంటాయి. ఒక్కో ప్లేట్‌లెట్ మీద ఈ జంటలు సుమారు 80,000 ఉంటాయి. సీడీ42ఏ, సీడీ42బీ వాన్ విలబ్రాండ్ ఫ్యాక్టర్‌ను పట్టుకునే సముదాయంలోవి. సీడీ42బీ సుమారు 25,000 దాకా ఉంటుంది. ఇవి విశ్రాంతిగా ఉన్న ప్లేట్‌లెట్ మీద కూడా కనిపిస్తాయి. సీడీ62పీ అలా కాదు. అది లోపలి ఆల్ఫా రేణువుల్లో దాగి ఉండి, ప్లేట్‌లెట్ ఉత్తేజితమైనప్పుడే పైకి వస్తుంది. పాక్-1 అనే యాంటీబాడీ మరో రకం: సీడీ41, సీడీ61 జంట ఉత్తేజితమై రూపం మార్చుకున్నప్పుడు మాత్రమే దానికి అంటుకుంటుంది. ఈ పనికి ఇంతకు మించి సిద్ధాంతం అక్కరలేదు.

కావలసినవి

3.2 శాతం సోడియం సిట్రేట్ ఉన్న లేత నీలిమూత ట్యూబులు, 21 గేజ్ సూది, రోగితో పాటు అదే సమయంలో రక్తం ఇవ్వడానికి ఆరోగ్యవంతుడైన ఒక వ్యక్తి. ఆ చివరిది లేకపోతే పరీక్ష మొదలుపెట్టవద్దు.

బఫర్‌గా హెపెస్ కలిపిన టైరోడ్ ద్రావణం మంచిది. సోడియం క్లోరైడ్ 134, సోడియం బైకార్బొనేట్ 12, పొటాషియం క్లోరైడ్ 2.9, డైసోడియం ఫాస్ఫేట్ 0.34, మెగ్నీషియం క్లోరైడ్ 1, హెపెస్ 10, గ్లూకోజ్ 5 మిల్లీమోలార్ చొప్పున, బీఎస్ఏ (ఆవు రక్తపు ఆల్బుమిన్ ప్రొటీన్) 0.3 శాతం, పీహెచ్ 7.4. కేవలం సీడీ41, సీడీ61, సీడీ42 ఉన్నాయా లేవా అని చూడటానికైతే బీఎస్ఏ కలిపిన పీబీఎస్ (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పు ద్రావణం) కూడా సరిపోతుంది. ఏది వాడినా 0.2 మైక్రాన్ల ఫిల్టర్‌తో వడకట్టి వాడండి. వడకట్టని బఫర్‌లోని నలుసులు సరిగ్గా ప్లేట్‌లెట్లు ఉండే చోటే చుక్కలుగా పడతాయి.

మిథనాల్ కలవని పారాఫార్మాల్డిహైడ్ 1 శాతం ద్రావణం (కణాలను ఫిక్స్ చేయడానికి, అంటే ఉన్నవి ఉన్నట్టు నిలపడానికి), ఉత్తేజపరచడానికి ట్రాప్-6 పెప్టైడ్ లేదా ఏడీపీ, పాలీప్రొపిలీన్ ట్యూబులు కూడా దగ్గర ఉంచుకోండి.

యాంటీబాడీలు ఎంచుకునేటప్పుడు గుర్తు పేరుతో పాటు క్లోన్ (ఆ యాంటీబాడీని తయారుచేసే కణాల వంశం) పేరు కూడా చూడాలి. సీడీ41కి హెచ్ఐపీ8, పీ2 క్లోన్లు, సీడీ61కి వీఐ-పీఎల్2, సీడీ42బీకి హెచ్ఐపీ1, సీడీ42ఏకి అల్మా.16, సీడీ62పీకి ఏకే4 విస్తృతంగా వాడుకలో ఉన్నవి. పీ2 క్లోన్ సీడీ41, సీడీ61 జంటగా కలిసి ఉన్నప్పుడే గుర్తిస్తుంది. జంట విడిపోతే ప్రొటీన్ అక్కడే ఉన్నా అది అంటుకోదు. అందుచేత సీడీ41 ఒక్కటే చూసి సరిపెట్టుకోకుండా, సీడీ61ని కూడా వేరే క్లోన్‌తో చూడండి. ఇవన్నీ మనిషి ప్లేట్‌లెట్ల కోసం తయారైనవి. ఎలుకల మీద పరిశోధన చేసేవారికి సీడీ41 కోసం ఎండబ్ల్యూరెగ్30 వంటి వేరే క్లోన్ కావాలి. మనిషి క్లోన్ ఎలుక ప్లేట్‌లెట్‌కు అంటుకోలేదని బాధపడేవారు ముందుగా చూడవలసింది సీసా మీది ఈ వివరాన్నే.

రంగుల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కొలవదలచిన ప్రొటీన్‌కు పీఈ, గేట్ (చూడవలసిన కణాలను మాత్రమే వేరుచేసే హద్దు) కోసం వాడే గుర్తుకు ఎఫ్ఐటీసీ అనే వెలిగే రంగులు పెట్టుకోండి. పీఈ వెలుగు ఎక్కువ కనుక తక్కువ మోతాదులో ఉన్న ప్రొటీన్ కూడా తెలుస్తుంది. రెండు రంగులతోనే ఈ పరీక్షలో చాలాభాగం పూర్తవుతుంది. ఎనిమిది రంగుల ప్యానెల్ పెట్టి కాంపెన్సేషన్‌తో (ఒక రంగు వెలుగు మరో రంగు లెక్కలో కలవకుండా చేసే సవరణతో) కుస్తీ పట్టవలసిన అవసరం ఇక్కడ లేదు.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం

ఏ ప్రొటీన్ ఉందా లేదా అని వెతుకుతున్నారో, అదే ప్రొటీన్‌తో ప్లేట్‌లెట్లకు గేట్ పెట్టకూడదు. సీడీ61 పాజిటివ్ కణాలన్నిటినీ ప్లేట్‌లెట్లుగా ఎంచుకుని వాటిలో సీడీ41 చూస్తే, గ్లాంజ్‌మన్ రోగిలో గేట్ ఖాళీగా ఉంటుంది, లేదా ఎక్కడినుంచో వచ్చిన కొద్దిపాటి కణాలు అందులో పడి "అంతా మామూలే" అన్నట్టు కనిపిస్తాయి. కనుక సీడీ41, సీడీ61 కోసం చూస్తున్నప్పుడు గేట్ సీడీ42ఏతో పెట్టండి. సీడీ42బీ కోసం చూస్తున్నప్పుడు గేట్ సీడీ61తో పెట్టండి. ఒక ప్రొటీన్ లేదని చెప్పాలంటే, అదే ట్యూబులో, అవే కణాల మీద మరో ప్రొటీన్ ఉందని చూపగలగాలి.

దీని ప్రకారం ట్యూబులు ఇలా పెట్టుకోవచ్చు. రోగికి ఒక వరుస, ఆరోగ్యవంతుడికి అచ్చంగా అలాంటిదే మరో వరుస.

ట్యూబ్ 1: సీడీ42ఏ ఎఫ్ఐటీసీ, ఐసోటైప్ పీఈ
ట్యూబ్ 2: సీడీ42ఏ ఎఫ్ఐటీసీ, సీడీ41 పీఈ
ట్యూబ్ 3: సీడీ42ఏ ఎఫ్ఐటీసీ, సీడీ61 పీఈ
ట్యూబ్ 4: సీడీ61 ఎఫ్ఐటీసీ, ఐసోటైప్ పీఈ
ట్యూబ్ 5: సీడీ61 ఎఫ్ఐటీసీ, సీడీ42బీ పీఈ
ట్యూబ్ 6: సీడీ61 ఎఫ్ఐటీసీ, సీడీ62పీ పీఈ, ఉత్తేజం లేకుండా
ట్యూబ్ 7: అదే, ట్రాప్-6తో

ఐసోటైప్ కంట్రోల్ అంటే ప్లేట్‌లెట్ ప్రొటీన్లను గుర్తించని, నేపథ్యపు వెలుగు తెలుసుకోవడానికి వాడే యాంటీబాడీ. అది పరీక్ష యాంటీబాడీతో ఒకే ఉపవర్గానికి చెంది, ఒకే రంగుతో, ఒకే గాఢతలో ఉండాలి. పరీక్ష యాంటీబాడీ ఐజీజీ1 అయితే కంట్రోల్ కూడా ఐజీజీ1 కావాలి. పాక్-1 ఐజీఎం కనుక దానికి ఐజీఎం కంట్రోల్ కావాలి. నిజానికి పాక్-1కి ఐసోటైప్ కంటే మెరుగైన కంట్రోల్ ఉంది. ఆర్‌జీడీఎస్ పెప్టైడ్ లేదా ఎప్టిఫిబటైడ్ కలిపి ఫైబ్రినోజెన్ అంటుకునే చోటును మూసేసిన ట్యూబులో సంకేతం పడిపోవాలి. పడిపోకపోతే మీరు చూస్తున్నది అసలు పాక్-1 సంకేతం కాదు.

పరీక్ష చేసే విధానం

1. యాంటీబాడీ మోతాదును ముందుగా మీ దగ్గరే తేల్చుకోండి. సీసా మీద రాసిన మోతాదు తెల్లకణాల కోసం, 100 మైక్రోలీటర్ల రక్తానికి రాసినది కావచ్చు. ఆరోగ్యవంతుడి రక్తంతో, కంపెనీ చెప్పిన మోతాదుకు రెట్టింపుతో మొదలుపెట్టి, ప్రతిసారీ సగానికి తగ్గిస్తూ ఐదారు ట్యూబులు చేయండి. ప్లేట్‌లెట్ల మీడియన్ (మధ్య విలువ) వెలుగు ఇక పెరగకుండా నిలిచిపోయే చోటు చూడండి. అదే ట్యూబులో ఉన్న ఎర్రకణాలను నెగెటివ్ కణాలుగా వాడుకోవచ్చు, ఎందుకంటే వాటి మీద సీడీ41 గానీ సీడీ42బీ గానీ ఉండవు. ఎర్రకణాల వెలుగు కూడా పెరగడం మొదలైతే యాంటీబాడీ ఎక్కువైందని అర్థం. కొత్త లాట్ (తయారీ విడత) వచ్చిన ప్రతిసారీ పాత లాట్‌తో పక్కపక్కనే ఒకే నమూనా మీద పోల్చాలి.

2. రక్తం తీసేటప్పుడే పరీక్ష సగం నిర్ణయమవుతుంది. టోర్నికే వదులుగా కట్టించండి, వెంటనే తీయించండి. మొదటి 2 నుంచి 3 మి.లీ. రక్తాన్ని సిట్రేట్ ట్యూబులోకి తీసుకోవద్దు. సూది గుచ్చినప్పుడు కణజాలం నుంచి విడుదలయ్యే పదార్థాలు అందులో ఉంటాయి. అది వేరే పరీక్షల ట్యూబులోకి వెళ్లవచ్చు. పసిపిల్లల్లో అంత రక్తం వదిలేయడం కుదరదు కనుక అక్కడ మొదటి కొద్ది చుక్కలైనా వదలండి, ఆ సంగతి ఫారం మీద రాయండి. ట్యూబు గీత వరకు నిండాలి, ఎందుకంటే తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ అన్న నిష్పత్తి తప్పకూడదు. ట్యూబును మెల్లగా నాలుగైదు సార్లు తలకిందులు చేయండి, ఊపవద్దు. ఆసుపత్రిలో గాలిపీడనంతో నమూనాలు పంపే గొట్టాలుంటే వాటిని వాడకుండా మనిషి చేత చేతిలో తెప్పించండి.

హెచ్చరిక: నమూనాను ఐసులో పెట్టవద్దు. చల్లదనానికి ప్లేట్‌లెట్ ఆకారం మార్చుకుని ఉత్తేజితమవుతుంది. అలాగని వేడిలో వదిలేయడమూ తప్పే. మే నెలలో జిల్లా నుంచి హైదరాబాద్‌కో విజయవాడకో కారులో వచ్చే డబ్బాలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు. థర్మకోల్ పెట్టెలో, 22 డిగ్రీల దగ్గర ఉంచి సిద్ధం చేసిన జెల్ ప్యాకులతో పంపమని చెప్పండి. గడ్డకట్టిన ప్యాకులు వద్దు. బయటి ఊరి నుంచి నమూనా వస్తుంటే, అక్కడే ఒక ఆరోగ్యవంతుడి రక్తం కూడా తీసి అదే పెట్టెలో పంపమనండి. మీ ల్యాబులో అప్పటికప్పుడు తీసిన రక్తంతో ఆరు గంటలు ప్రయాణించి వచ్చిన రక్తాన్ని పోల్చడం న్యాయం కాదు.

3. సమయం రాసుకోండి. సీడీ62పీ, పాక్-1 వంటి ఉత్తేజిత గుర్తుల కోసమైతే రక్తం తీసిన 30 నిమిషాల్లోపు స్టెయినింగ్ మొదలుపెట్టడం ఉత్తమం. సీడీ41, సీడీ61, సీడీ42 కోసం అదే రోజు చేస్తే మంచిది. తప్పనిసరైతే 24 గంటల దాకా ఆగవచ్చు, కానీ అప్పుడు పైన చెప్పిన ప్రయాణపు కంట్రోల్ లేకుండా ఫలితం ఇవ్వకండి.

4. కణాలను కడగవద్దు, ఎర్రకణాలను లైసిస్ చేయవద్దు (పగలగొట్టవద్దు). తెల్లకణాల పరీక్షకు అలవాటుపడిన చేతులు ఇక్కడే పొరపడతాయి. సెంట్రిఫ్యూజ్ చేసి అడుగున గుజ్జుగా చేర్చిన ప్లేట్‌లెట్లు ఉత్తేజితమవుతాయి, ఒకదానికొకటి అతుక్కుంటాయి. సిట్రేట్ రక్తం 10 మైక్రోలీటర్లను 90 మైక్రోలీటర్ల బఫర్‌లో కలిపి, ఆ పలచన నుంచే తీసుకోండి.

5. ట్యూబుల్లో ముందుగా యాంటీబాడీలు, బఫర్ వేసి ఉంచి, వాటికి పలచన చేసిన రక్తం 10 మైక్రోలీటర్లు కలపండి. మొత్తం 50 మైక్రోలీటర్లు అయ్యేలా చూసుకోండి. అంటే ఒక్కో ట్యూబులో అసలు రక్తం 1 మైక్రోలీటరు మాత్రమే. మామూలు కౌంట్ ఉన్న మనిషిలో అది సుమారు రెండున్నర లక్షల ప్లేట్‌లెట్లు. ఎక్కువ రక్తం వేస్తే మేలని అనుకోవద్దు. ఒక్కో కణం మీద 80,000 చోట్లు నిండాలంటే యాంటీబాడీ సరిపోవాలి, సరిపోకపోతే ఆరోగ్యవంతుడిలోనూ సీడీ41 తగ్గినట్టు కనిపిస్తుంది. రోగి కౌంట్ 20,000 మాత్రమే ఉన్నప్పుడు బఫర్ తగ్గించి పలచన రక్తం 30 మైక్రోలీటర్ల దాకా పెంచవచ్చు, మొత్తం మాత్రం మారకూడదు. కలపడానికి ట్యూబును వేలితో మెల్లగా తట్టండి. వోర్టెక్స్ (ట్యూబును గిర్రున కదిపి కలిపే యంత్రం) వాడవద్దు. పిపెట్‌తో పైకీ కిందికీ లాగవద్దు.

6. ట్యూబ్ 7లో ట్రాప్-6 చివరి గాఢత 20 మైక్రోమోలార్ ఉండేలా వేయండి. ఏడీపీ అయితే 10 నుంచి 20 మైక్రోమోలార్ చాలు, కానీ క్లోపిడోగ్రెల్ (ప్లేట్‌లెట్లు అతుక్కోకుండా ఇచ్చే మందు) వాడుతున్నవారిలో ఏడీపీకి స్పందన తగ్గుతుందని గుర్తుంచుకోండి. థ్రాంబిన్ వాడదలచుకుంటే జీపీఆర్‌పీ పెప్టైడ్ తప్పనిసరి, లేకపోతే ట్యూబులో ఫైబ్రిన్ గడ్డ కడుతుంది.

7. గది ఉష్ణోగ్రతలో, చీకట్లో, కదపకుండా 15 నుంచి 20 నిమిషాలు ఉంచండి. అన్ని ట్యూబులకూ ఒకే వ్యవధి ఇవ్వండి.

8. ఒక్కో ట్యూబుకు 1 మి.లీ. పారాఫార్మాల్డిహైడ్ 1 శాతం ద్రావణం కలిపి స్టెయినింగ్ ఆపండి. వెంటనే చదవగలిగితే దాని బదులు 1 మి.లీ. బఫర్ కలపవచ్చు. ఫిక్స్ చేసినవాటిని 4 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచి అదే రోజు చదవండి. స్టెయినింగ్‌కు ముందే ఫిక్స్ చేయడం పాక్-1కి పనికిరాదు. మిగతా క్లోన్లలో కూడా కొన్నిటి అంటుకునే చోటు ఫిక్సింగ్ వల్ల మారిపోతుంది కనుక, ముందుగా ఫిక్స్ చేయక తప్పని పరిస్థితి ఉంటే, మీ క్లోన్ దానిని తట్టుకుంటుందో లేదో ఆరోగ్యవంతుడి రక్తం మీద ముందు రుజువు చేసుకోండి.

9. మెషిన్‌లో ఎఫ్ఎస్‌సీ (కణం పరిమాణాన్ని సూచించే వెలుగు), ఎస్ఎస్‌సీ (కణం లోపలి రేణువులను సూచించే వెలుగు) రెండింటినీ లాగ్ స్కేలులో పెట్టండి. లీనియర్ స్కేలులో ప్లేట్‌లెట్లు మూలన ఇరుక్కుపోయి కనిపించవు. త్రెషోల్డ్ (ఇంతకు తక్కువ సంకేతాన్ని మెషిన్ లెక్కించని హద్దు) బాగా తగ్గించండి, లేదా ఎఫ్ఐటీసీ వెలుగు మీద త్రెషోల్డ్ పెట్టండి. రెండో పద్ధతిలో ఎర్రకణాలు, నలుసులు చాలావరకు రాకుండా పోతాయి, కానీ గేట్ గుర్తే లేని రోగిలో తెర పూర్తిగా ఖాళీ అవుతుంది. అలా జరిగితే మెషిన్ చెడిపోయిందని అనుకోకుండా, ఎఫ్ఎస్‌సీ మీద త్రెషోల్డ్ పెట్టి మళ్లీ చదవండి.

10. నెమ్మదైన ఫ్లో రేటులో కనీసం 10,000 ప్లేట్‌లెట్లు సేకరించండి. వేగం పెంచితే లేజర్ ముందు నుంచి ఎర్రకణం, ప్లేట్‌లెట్ కలిసి వెళతాయి. మెషిన్ వాటిని ఒకే కణంగా లెక్కిస్తుంది. చుక్కల పటంలో ఎఫ్ఐటీసీ పాజిటివ్ కణాలు ఎర్రకణాల స్థానంలోకి తోకలా సాగుతుంటే కారణం ఇదే. ఫ్లో రేటు తగ్గించండి, అప్పటికీ పోకపోతే నమూనాను ఇంకా పలచన చేయండి.

11. గేట్ గీసేటప్పుడు తొందర వద్దు. ఆరోగ్యవంతుడి ప్లేట్‌లెట్ల చుట్టూ బిగుతుగా గీసిన గేట్‌ను రోగికి అంటగడితే, బెర్నార్డ్-సూలియే రోగిలోని పెద్ద ప్లేట్‌లెట్లు గేట్ బయటే మిగిలిపోతాయి. వాటి పరిమాణం ఎర్రకణాల దాకా వెళుతుంది. సెల్ కౌంటర్ కూడా వాటిని ఎర్రకణాలుగా లెక్కపెట్టి ప్లేట్‌లెట్ కౌంట్‌ను తగ్గించి చూపుతుంది. అందుకే రంగు మీద గేట్ పెట్టి, పరిమాణం వైపు ఎడంగా వదలండి. పక్కనే బ్లడ్ స్మియర్ ఒకటి చూసి పెట్టుకుంటే ఈ విషయంలో సందేహం మిగలదు.

ఫలితం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం

మొదట ఆరోగ్యవంతుడి ట్యూబులు చూడండి. గేట్‌లోని కణాల్లో 95 శాతానికి పైగా సీడీ41, సీడీ61, సీడీ42బీ పాజిటివ్‌గా ఉండి, హిస్టోగ్రామ్ ఒకే శిఖరంగా, ఐసోటైప్ నుంచి స్పష్టంగా విడిపోయి ఉండాలి. ఉత్తేజం లేని ట్యూబులో సీడీ62పీ కొద్ది శాతమే ఉండాలి. ట్రాప్-6 కలిపిన ట్యూబులో ప్లేట్‌లెట్లలో అత్యధిక భాగం పాజిటివ్ కావాలి. ఉత్తేజం లేని ట్యూబులోనే సీడీ62పీ 20, 30 శాతం కనిపిస్తే అది రక్తం తీయడంలోనో, రవాణాలోనో జరిగిన తప్పు. ఆ రోజు ఉత్తేజిత గుర్తుల ఫలితం ఇవ్వకండి. ఆరోగ్యవంతుడి ఫలితం నిలబడకపోతే రోగి ఫలితం వైపు చూడనే వద్దు.

తర్వాత రోగిది. పాజిటివ్ శాతం ఒక్కటే కాకుండా మీడియన్ వెలుగును పోల్చండి. రోగి మీడియన్ నుంచి అతని ఐసోటైప్ మీడియన్ తీసేయండి. ఆరోగ్యవంతుడికీ అలాగే చేయండి. మొదటిదాన్ని రెండోదానితో భాగించి 100తో హెచ్చించండి. ఉదాహరణకు సీడీ41లో ఆరోగ్యవంతుడి మీడియన్ 12,100, రోగిది 600, ఇద్దరి ఐసోటైప్ 100 అనుకుంటే, 500ను 12,000తో భాగించగా సుమారు 4 శాతం వస్తుంది. సీడీ41, సీడీ61 రెండూ 5 శాతం కంటే తక్కువ, సీడీ42బీ మామూలుగా ఉంటే అది గ్లాంజ్‌మన్ మొదటి రకానికి సరిపోయే చిత్రం. 5 నుంచి 20 శాతం మధ్య ఉంటే రెండో రకం. తల్లిదండ్రుల్లో ఈ విలువ సగానికి దగ్గరగా రావడం ఆ నిర్ధారణకు బలమిస్తుంది, కనుక వీలైతే వారి రక్తం కూడా అదే రోజు చూడండి.

సీడీ41, సీడీ61 మామూలుగా ఉన్నంత మాత్రాన గ్లాంజ్‌మన్ లేదని రాయవద్దు. ప్రొటీన్ సంఖ్య సరిపడా ఉండి, పని మాత్రం చేయని రూపాంతరాలు ఉన్నాయి. అగ్రిగోమెట్రీలో (ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని కొలిచే పరీక్షలో) ఏడీపీ, కొలాజెన్ వంటివాటికి స్పందన లేక రిస్టోసెటిన్‌కు మాత్రమే ఉండి, ఇక్కడ సీడీ41 మామూలుగా వస్తే, ట్రాప్-6తో ఉత్తేజపరచి పాక్-1 చూడండి. సీడీ62పీ బాగా పెరిగి పాక్-1 మాత్రం లేవకపోతే లోపం ఆ జంట పనితీరులోనే ఉంది. ఇక్కడ సీడీ62పీ చేసే మేలు గమనించండి: ట్రాప్-6 పనిచేసిందని, ప్లేట్‌లెట్ బతికే ఉందని అదే సాక్ష్యం చెబుతుంది. గ్లాంజ్‌మన్ అనుమానం ఉన్నప్పుడు ట్యూబ్ 6, 7లలో గేట్ సీడీ61తో కాకుండా సీడీ42ఏతో పెట్టాలన్నది మరవద్దు. బలమైన ఉత్తేజంలో సీడీ42 కొంత తగ్గుతుంది కనుక ఆ గేట్‌ను కాస్త కిందికి తెరిచి ఉంచండి.

బెర్నార్డ్-సూలియే విషయంలో ఇంకో మెలిక ఉంది. ప్లేట్‌లెట్ పెద్దది కావడంతో దాని మీద సీడీ41, సీడీ61 మామూలుకంటే ఎక్కువ వెలుగు చూపుతాయి. సీడీ42బీ కొంత మిగిలి ఉన్న రోగిలో కూడా పరిమాణం వల్ల ఆ కొంత పెద్దగా కనిపించి లోపాన్ని కప్పేయవచ్చు. అందుకని సీడీ42బీ మీడియన్‌ను సీడీ61 మీడియన్‌తో భాగించి, ఆ నిష్పత్తిని ఆరోగ్యవంతుడి నిష్పత్తితో పోల్చండి. ఇందుకోసం ట్యూబ్ 3లోని సీడీ61 పీఈ విలువ వాడండి, అయితే ఆ ట్యూబులో సీడీ42ఏ గేట్ పనిచేయకపోతే ఎఫ్ఎస్‌సీ, ఎస్ఎస్‌సీ మీదే గేట్ పెట్టి తీసుకోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

ఈడీటీఏ ట్యూబు. సీబీసీకి (రక్తకణాల లెక్కకు) పంపిన ఊదామూత ట్యూబులోంచే ఇదీ చేసేద్దామని చాలామందికి అనిపిస్తుంది. సీడీ41, సీడీ61 జంట కలిసి ఉండాలంటే కాల్షియం కావాలి. ఈడీటీఏ దాన్ని లాగేసుకుంటుంది. నమూనా వెచ్చగా ఉంటే జంట ఇంకా త్వరగా విడిపోతుంది. అప్పుడు జంటను మాత్రమే గుర్తించే క్లోన్ వాడినవారికి ఆరోగ్యవంతుడు కూడా గ్లాంజ్‌మన్ రోగిలా కనపడతాడు. పాక్-1 అయితే ఈడీటీఏలో అసలు పనిచేయదు. సీడీ41, సీడీ61 యాంటీబాడీలతో ప్లేట్‌లెట్ కౌంట్‌ను సరిచూసే అంతర్జాతీయ ప్రామాణిక పద్ధతికి ఈడీటీఏ రక్తమే వాడతారు, కానీ అక్కడ చూసేది కణాల లెక్క, ప్రొటీన్ మోతాదు కాదు. ఈడీటీఏ నమూనా తప్ప వేరేది దొరకని పరిస్థితిలో, తీసిన వెంటనే, గది ఉష్ణోగ్రతలో, ఈడీటీఏలోనే తీసిన ఆరోగ్యవంతుడి రక్తంతో పోల్చి చేసి, తగ్గుదల కనిపిస్తే సిట్రేట్‌లో మళ్లీ చేసేదాకా తుది మాట రాయకండి.

పాత నమూనాలో సీడీ42బీ తగ్గడం. నిల్వలోనూ, ఉత్తేజంలోనూ సీడీ42బీ బయటి భాగాన్ని ఆడమ్17 అనే ఎంజైమ్ కత్తిరించేస్తుంది. సీడీ42బీ తగ్గి సీడీ42ఏ బాగానే ఉంటే, సీడీ62పీ కూడా ఎక్కువగా ఉంటే, అది వ్యాధి అనుకునే ముందు కొత్త నమూనా తెప్పించండి. బెర్నార్డ్-సూలియేలో సాధారణంగా రెండూ కలిసి తగ్గుతాయి.

ఈమధ్యే ప్లేట్‌లెట్లు ఎక్కించిన రోగి. హిస్టోగ్రామ్‌లో రెండు శిఖరాలు వస్తాయి: దాతవి పాజిటివ్‌గా, రోగివి నెగెటివ్‌గా. మీడియన్ అంకె మాత్రమే చూసేవారికి అది ఒక మోస్తరు తగ్గుదలలా కనిపించి, రెండో రకమనో క్యారియర్ (ఒక లోపజన్యువు మాత్రమే ఉన్నవారు) అనో తప్పుదారి పట్టిస్తుంది. ప్రతి హిస్టోగ్రామ్‌నూ కంటితో చూడాలనడానికి ఇదే పెద్ద కారణం. ఎక్కించిన తేదీ అడిగి రాసుకోండి.

యాంటీబాడీయే ప్లేట్‌లెట్‌ను ఉత్తేజపరచడం. ప్లేట్‌లెట్ మీద సీడీ32 అనే ఎఫ్‌సీ గ్రాహకం (యాంటీబాడీ తోకను పట్టుకునేది) ఉంటుంది. కొన్ని ఐజీజీ యాంటీబాడీలు, ముఖ్యంగా సీడీ9కి వ్యతిరేకమైనవి, తమ లక్ష్యానికి ఒక కొసతో, ఈ గ్రాహకానికి మరో కొసతో అంటుకుని ప్లేట్‌లెట్‌ను లేపేస్తాయి. కొత్త గేట్ యాంటీబాడీ మార్చాక ఉత్తేజం లేని ట్యూబులో సీడీ62పీ పెరిగితే దీన్ని అనుమానించండి. ఎఫ్‌ఏబీ (తోక లేని) ముక్కలుగా దొరికే యాంటీబాడీ వాడటం గానీ, ఐవీ.3 క్లోన్‌తో సీడీ32ను ముందుగా మూసేయడం గానీ చేయవచ్చు.

లుకేమియా కణాల మీద సీడీ41. ఇది వేరే పరీక్ష అయినా యాంటీబాడీలు అవే కనుక చెబుతున్నాను. మెగాకార్యోబ్లాస్టిక్ లుకేమియా అనుమానంలో బ్లాస్టుల (ఎదగని లుకేమియా కణాల) మీద సీడీ41, సీడీ61 పాజిటివ్ వస్తే, ఆ బ్లాస్టులకు ప్లేట్‌లెట్లు అతుక్కుని ఉన్నాయేమో చూడాలి. సీడీ42బీ కూడా అదే రీతిలో వస్తుంటే అనుమానం పెరుగుతుంది. కణం లోపలి సీడీ41, సీడీ61 స్టెయినింగ్ చేసి చూడటం దీనికి మార్గం.

యాంటీబాడీ నిల్వ. 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచండి. పీఈ, ఏపీసీ రంగులు కలిపినవాటిని ఫ్రీజర్‌లో పెడితే రంగు ప్రొటీన్ దెబ్బతింటుంది. కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిన రోజులు రిజిస్టరులో ఉండాలి. ఆ తర్వాత మొదటి వాడకంలో ఆరోగ్యవంతుడి మీడియన్‌ను పాత విలువలతో సరిపోల్చండి.

రిపోర్టులో ఏం రాయాలి

రక్తం తీసిన సమయం, స్టెయినింగ్ మొదలైన సమయం, ట్యూబు రకం, ప్రతి యాంటీబాడీ క్లోన్, రంగు, గేట్ దేనితో పెట్టారన్నది, రోగి, ఆరోగ్యవంతుల మీడియన్ విలువలు, వాటి నిష్పత్తి, సెల్ కౌంటర్ కౌంట్, స్మియర్‌లో ప్లేట్‌లెట్ల పరిమాణం. హిస్టోగ్రామ్‌లు రెండూ ఒకదానిపై ఒకటి వేసి జతచేయండి. లోపం కనిపించిన ప్రతి రోగికీ మరో రోజు తీసిన కొత్త నమూనాతో పరీక్ష మళ్లీ చేసి, రెండుసార్లూ ఒకేలా వచ్చాకే నిర్ధారణ అని రాయండి. మొదటిసారి రిపోర్టులో "సూచిస్తోంది" అన్న మాట దగ్గర ఆగండి.

పని ముగిశాక సూదులు తెల్లటి గట్టి డబ్బాలోకి, రక్తం అంటిన ప్లాస్టిక్ ట్యూబులు, టిప్పులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపు సంచిలోకి వెళ్లాలి. మెషిన్‌లో శుభ్రపరిచే ద్రావణం, తర్వాత వడకట్టిన నీరు నడిపి, ఖాళీ బఫర్‌ను ఒక నిమిషం చదివించండి. ప్లేట్‌లెట్ గేట్‌లో చుక్కలు దాదాపు లేకుండా ఉంటేనే తర్వాతి నమూనాకు మెషిన్ సిద్ధంగా ఉన్నట్టు.